చర్చి గడప తొక్కని పిల్లల దగ్గరికి

నూరు గొర్రెలున్న కాపరి ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాన్ని వెదుకుతూ వెళ్లాడని యేసుప్రభువు ఒక ఉపమానం చెప్పాడు (లూకా 15:3-7). సండేస్కూల్లో చిన్నప్పుడే నేర్చుకున్న ఈ ఉపమానం మనకు కంఠతా వచ్చు. దాని మీద పాటలున్నాయి, క్యాలెండర్ల మీద బొమ్మలున్నాయి. అయితే ఏదైనా ఊళ్లో హైస్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి చూస్తే లెక్క తారుమారైనట్టు కనిపిస్తుంది. బిలబిలమంటూ బయటికొచ్చే వందమంది పిల్లల్లో చర్చి లోపలి సంగతి తెలిసినవారు ఏ కొద్దిమందో! మిగిలిన వారికి పాస్టరుగారి పేరు తెలియదు, బైబిల్లో మొదటి పుస్తకమేదో తెలియదు, క్రిస్మస్ అంటే కేకు, నక్షత్రం తప్ప మరో సంగతి తెలియదు. మన యవ్వనస్థుల కూడికలు, యూత్ క్యాంపులు, పాటల పోటీలు, బైబిల్ క్విజ్‌లు మాత్రం ఆ కొద్దిమంది కోసమే జరుగుతుంటాయి. బయటి పిల్లవాడు వస్తే వద్దనం. కానీ అతడు ఎందుకొస్తాడు, ఎలా వస్తాడు, వస్తే అతనికి ఏమర్థమవుతుంది అని ఆలోచించం. ఈ ప్రశ్నల్ని గట్టిగా పట్టించుకున్న ఒక యువ సేవకుని కథ ఈ వారం తెలుసుకుందాం.

గెయిన్స్‌విల్ పాస్టరుగారి మాట

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు ఉత్తరాన దాదాపు 70 మైళ్ల దూరంలో గెయిన్స్‌విల్ అనే చిన్న పట్టణముంది. 1930ల చివర్లో అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి క్లైడ్ కెనెడీ అనే ఆయన పాస్టరు. డల్లాస్ సెమినరీలో చదువుకుంటున్న జిమ్ రేబర్న్ అనే యువకుడు ఆయన దగ్గర యువజన పరిచర్యకు కుదిరాడు. 1909లో పుట్టిన రేబర్న్ ఒక ప్రెస్బిటేరియన్ సువార్తికుని కుమారుడు. చర్చిలోనే పుట్టి పెరిగాడు. సెమినరీకి రాకముందే అమెరికా నైరుతి ప్రాంతంలోని చిన్న చిన్న ఊళ్లలో భార్య మాక్సీన్‌తో కలిసి మిషనరీగా పనిచేశాడు. ఇలాంటివాడు చేతికి దొరికితే ఏ పాస్టరైనా ఏం చేస్తాడు? సంఘంలోని పిల్లల్ని అప్పగించి, వీళ్లను చూసుకో, కూడికలు బలంగా జరిపించు అంటాడు.

కెనెడీ పాస్టరుగారు అలా అనలేదు. సంఘంలోని పిల్లల గురించి తనకు పెద్ద బెంగ లేదని, వారిని తాను చూసుకుంటానని, నీ సంఘం ఊళ్లోని హైస్కూలేనని రేబర్న్‌తో చెప్పాడు. చర్చి వైపు కన్నెత్తి చూడని పిల్లలెవరో వెతికి వాళ్ల దగ్గరికి వెళ్లమన్నాడు. ఈనాటి మన సంఘాల్లో ఒక పాస్టరు ఈ మాట అనగలిగితే ఆయనది నిజంగా పెద్ద మనసే! ఎందుకంటే దానివల్ల ఆదివారం ఆరాధనలో కుర్చీలు నిండవు. సంవత్సరాంతపు నివేదికలో రాసుకోవడానికి అంకెలూ కనపడవు. అయినా ఆయన తన సహాయకుణ్ని బయటికి పంపాడు.

రేబర్న్ ముందుగా తనకు అలవాటైన పనే చేశాడు. బడి వదిలిన తర్వాత పిల్లల్ని పోగుచేసి బైబిలు క్లబ్బు మొదలుపెట్టాడు. వచ్చిన వారు కొద్దిమందే. వారిలోనూ చాలామంది ఇదివరకే చర్చి తెలిసినవారు. ఎవరికోసమైతే వెళ్లాడో వారు ఆ సమయంలో ఆటస్థలంలో ఉన్నారు. అప్పుడాయనకు ఒక సంగతి బోధపడింది. పిల్లలు రావడం లేదంటే వారి హృదయాలు కఠినమైపోయాయని నిందించడం తేలిక. కానీ మనం పిలిచే వేళ, పిలిచే చోటు, మాట్లాడే భాష వారివి కావేమో చూసుకోవాలి కదా!

ఆయన క్లబ్బు సమయాన్ని సాయంత్రానికి మార్చాడు. బడిలో కాకుండా పిల్లల ఇళ్లలోనే, ముందుగదిలో నేలమీద కూర్చోబెట్టి జరపడం మొదలుపెట్టాడు. అందరూ కలిసి పాడుకునే పాటలు, కడుపుబ్బ నవ్వించే చిన్న చిన్న నాటికలు, ఆ తర్వాత సువార్తల్లోంచి యేసుప్రభువు జీవితంలోని ఒక సంఘటన. ఆ సంఘటనను ప్రసంగ ధోరణిలో కాక, పక్కింటి అన్నయ్య కబురు చెప్పినట్టుగా చెప్పేవాడు. కొద్ది నెలల్లోనే వచ్చేవారి సంఖ్య వంద దాటింది. సువార్తను పిల్లలకు విసుగు పుట్టేలా చెప్పడం పాపమని ఆయన అనేవాడట. ఈ ప్రపంచంలోకెల్లా ఆకర్షణ కలిగిన వ్యక్తి యేసుక్రీస్తు అయినప్పుడు, ఆయన్ను గురించి విన్నవాడికి ఆవులింతలు వస్తున్నాయంటే లోపం చెప్పేవాడిదే గాని ఆయనది కాదు కదా!

మాట చెప్పే హక్కు

అయితే క్లబ్బు జరిగిన తీరు కన్నా క్లబ్బు లేని రోజుల్లో రేబర్న్ చేసిన పని గొప్పది. ఆయన ఫుట్‌బాల్ సాధన జరిగేచోటికి వెళ్లి గట్టు మీద నిలబడేవాడు. మ్యాచులకు వెళ్లేవాడు. పిల్లల పేర్లు నేర్చుకునేవాడు. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు జట్టులో చోటు దొరక్క బాధపడుతున్నారు అని కనిపెట్టి పలకరించేవాడు. అక్కడ ఆయన ప్రసంగించలేదు, కరపత్రాలు పంచలేదు. ఎవరి మాటైనా పిల్లవాడు వినాలంటే, ముందుగా ఆ మనిషి తనవాడనే నమ్మకం అతనికి కలగాలని ఆయన గ్రహించాడు. మాట చెప్పే హక్కును సంపాదించుకోవాలన్నది ఆ తర్వాతి కాలంలో ఆయన పరిచర్యకు ముఖ్య సూత్రమైంది.

ఇది రేబర్న్ కొత్తగా కనిపెట్టినదేమీ కాదు, దీనికి మూలం బైబిల్లోనే ఉంది. థెస్సలొనీకలోని విశ్వాసులకు రాస్తూ అపొస్తలుడైన పౌలు, తాను వారికి దేవుని సువార్తను మాత్రమే కాక తన ప్రాణాన్ని కూడా ఇవ్వడానికి సిద్ధపడ్డానని, వారు తనకు అంతటి ప్రియులని అంటాడు (1 థెస్సలొనీక 2:8). ఏథెన్సు నగరంలో ఆయన ముందు వీధులన్నీ తిరిగి చూశాడు. తెలియని దేవుని పేరిట వారు కట్టుకున్న బలిపీఠం దగ్గర్నుంచి మాట మొదలుపెట్టాడు, వారి కవుల మాటలనే ప్రస్తావించాడు (అపొ. కార్యములు 17:22-28). యూదుల సమాజమందిరంలో లేఖనాలు విప్పి మాట్లాడే పౌలు, లేఖనాలే తెలియని వారి ముందు వేరే చోటనుంచి మొదలుపెట్టాడు. సువార్త మారలేదు, బయలుదేరిన చోటు మారింది.

ఫిలిప్పు విషయం కూడా అంతే. ఐతియొపీయ రాణి కొలువులోని అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తుంటే ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వెళ్లాడు. ముందు విన్నాడు, తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, పిలిస్తే ఎక్కి పక్కన కూర్చున్నాడు (అపొ. కార్యములు 8:30-31). పరుగెత్తాలి, వినాలి, అడగాలి, పిలిస్తేనే పక్కన కూర్చోవాలి. యువజన పరిచర్యకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఏముంటుంది?

శ్రేష్ఠమైనదే వారికి

1941 అక్టోబరు 16న రేబర్న్ తన సెమినరీ మిత్రులు కొందరితో కలిసి 'యంగ్ లైఫ్' అనే సంస్థను స్థాపించాడు. చికాగోకు చెందిన వ్యాపారవేత్త హెర్బర్ట్ టేలర్ దానికి ఆర్థికంగా అండగా నిలిచాడు. రోటరీ క్లబ్బుల్లో ఇప్పటికీ చదివే 'నాలుగు ప్రశ్నల పరీక్ష'ను రాసింది ఈయనే. 1946లో కొలరాడో కొండల్లోని స్టార్ రాంచ్ ఆ సంస్థకు క్యాంపుస్థలమైంది.

ఆ క్యాంపుల విషయంలో రేబర్న్‌ది ఒకటే పట్టుదల. చర్చి ఎరగని పిల్లలకు ఇచ్చేది శ్రేష్ఠమైనదై ఉండాలి. భోజనం బాగుండాలి, పడకలు శుభ్రంగా ఉండాలి, చోటు అందంగా ఉండాలి. 1950ల్లో కెనడా పడమటి తీరంలోని మాలిబు అనే విలాసవంతమైన విడిది అమ్మకానికొస్తే, ధనికుల కోసం కట్టిన ఆ చోటును కూడా ఆయన పిల్లల క్యాంపు కోసమే తీసుకున్నాడు. బయటివారికి మిగిలినవి, పాతవి, చవకవి చాలులే అనుకునే మనస్తత్వానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. గొప్ప విందు ఉపమానంలో ఆ యజమాని వీధుల్లోంచి, సందుల్లోంచి పిలిపించిన వారికి మిగిలిపోయిన కూడు పెట్టలేదు. పెద్దల కోసం సిద్ధపరచిన విందులోనే కూర్చోబెట్టాడు (లూకా 14:16-23).

ఆ క్యాంపుల్లో ఒక ఆచారం ఉంది. వారం రోజుల పాటు యేసుప్రభువు ఎవరో, ఆయన సిలువ ఎందుకో చెప్పాక, ఒక రాత్రి పిల్లల్ని ఎవరికి వారుగా ఆరుబయటికి పంపుతారు. దాదాపు 20 నిమిషాలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పైన నక్షత్రాలు, చుట్టూ నిశ్శబ్దం. తాను విన్నదాన్ని గురించి ఆ పిల్లవాడు దేవునితో ఏమి చెప్పుకుంటాడో, అసలు చెప్పుకుంటాడో లేదో అతని ఇష్టం. వెనక సంగీతం మోగదు, చేతులెత్తమని ఎవరూ వేదిక మీదనుంచి ఒత్తిడి చేయరు. విత్తనం చల్లినవాడు నిద్రపోతున్నా, మేలుకొని ఉన్నా అది అతనికి తెలియకుండానే మొలుస్తుందని ప్రభువు చెప్పాడు కదా (మార్కు 4:26-27). పరిశుద్ధాత్మ దేవుడు చేయవలసిన పనిని మనం చేతుల్లోకి తీసుకోకుండా ఆయనకే విడిచిపెట్టడం కూడా విశ్వాసమే!

ఈ కథలో మరో పాత్ర ఉంది. గెయిన్స్‌విల్‌లో క్లారా ఫ్రేషర్ అనే వృద్ధురాలు రేబర్న్ ఆ ఊరికి రాకముందే, మరికొందరు స్త్రీలతో కలిసి కొన్నేళ్లుగా ఆ హైస్కూలు పిల్లల కోసం ప్రార్థిస్తూ ఉంది. ఈ సంగతి రేబర్న్‌కు తర్వాతెప్పుడో తెలిసింది. ఆమె ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లగలిగేది కాదు, పాటలు పాడించగలిగేది కాదు. కానీ ఆ పిల్లలు ఎవరి బిడ్డలైనా తన బిడ్డలే అనుకుని మోకరించింది. మా వయసైపోయింది, యువజన పరిచర్యలో మా పనేముంది అనుకునే పెద్దమ్మలు, తాతయ్యలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారికి క్లారా ఫ్రేషర్ జీవితమే జవాబు.

రేబర్న్ తీవ్రమైన తలనొప్పితో ఏళ్ల తరబడి బాధపడ్డాడు. 1964లో సంస్థ నాయకత్వాన్ని వదులుకోవలసి వచ్చింది. 1970లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అయితే ఒక చిన్న పట్టణంలోని ఆటస్థలం గట్టుమీద మొదలైన ఆ పరిచర్య ఈనాడు వందకు పైగా దేశాల్లో సాగుతోంది.

కానుకల డబ్బు నేరస్థుల చేతిలో

గెయిన్స్‌విల్ పిల్లలు చర్చి ఎరగకపోయినా ఇల్లూ వాకిలీ ఉన్నవారు. అవి కూడా లేని పిల్లల మధ్య, వీధుల్లో జరిగిన పరిచర్య సంగతి చూద్దాం. ఇది మనలో చాలామంది విన్న కథే. 1957 జూలైలో న్యూయార్క్‌లోని ఒక పార్కులో మైకేల్ ఫార్మర్ అనే 15 ఏళ్ల బాలుణ్ని వీధి ముఠా కుర్రాళ్లు చంపేశారు. అతడు పోలియో బారినపడి కోలుకున్న పిల్లవాడు. పెన్సిల్వేనియాలోని ఫిలిప్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పాస్టరుగా ఉన్న డేవిడ్ విల్కర్సన్, విచారణలో ఉన్న ఏడుగురు కుర్రాళ్ల బొమ్మను ఒక పత్రికలో చూశాడు. ఆ ముఖాలు ఆయన్ను వదల్లేదు. 1958 ఫిబ్రవరిలో న్యూయార్క్ వెళ్లి, ఆ కుర్రాళ్లతో మాట్లాడే అనుమతి కోసం కోర్టులోనే జడ్జిని కలవబోయాడు. పోలీసులు ఆయన్ను బయటికి గెంటేశారు. చేతిలో బైబిలుతో ఉన్న ఆయన ఫొటో మర్నాడు పత్రికల్లో వచ్చింది. ఊరంతా నవ్వుకుంది.

అయితే ఆ అవమానమే తలుపు తెరిచింది. ఆయన మళ్లీ న్యూయార్క్ వీధుల్లో నడుస్తుంటే ముఠా కుర్రాళ్లు గుర్తుపట్టారు. పోలీసులు గెంటేసిన పాస్టరు ఈయనేనన్నారు. పోలీసులకు గిట్టనివాడు కాబట్టి తమలో ఒకడేనని లెక్కగట్టి మాట కలిపారు! ఏ కుర్రాళ్ల కోసం ఆయన బయలుదేరాడో వారితో మాట్లాడే అవకాశం కోర్టులో దొరకలేదు, కాని వారిలాంటి వందలమంది దగ్గరికి దారి దొరికింది.

వారిలో నిక్కీ క్రూజ్ ఒకడు. పోర్టోరికోలో పుట్టాడు. తల్లిదండ్రులు మంత్రతంత్రాలు, ఆత్మలతో మాట్లాడడం వంటివి చేసేవారు. ఇంట్లో ప్రేమ ఎరగడు. పదిహేనేళ్లకే న్యూయార్క్ చేరి, మౌమౌ అనే ముఠాకు నాయకుడయ్యాడు. విల్కర్సన్ యేసుప్రభువు ప్రేమను గురించి చెప్పబోతే ఉమ్మివేశాడు, చంపుతానన్నాడు. విల్కర్సన్ వెనక్కి తగ్గలేదు, కోపగించుకోలేదు. 1958 జూలైలో ముఠా కుర్రాళ్ల కోసం ఒక హాలులో ఆయన కూడికలు పెట్టాడు. ఒక రాత్రి మౌమౌ ముఠావారు కూడా వచ్చారు. ఆ రాత్రి కానుకలు పట్టే పనిని విల్కర్సన్ ఎవరికి అప్పగించాడో తెలుసా? నిక్కీకి, అతని ముఠాకు! హాలంతా నవ్వింది. కానుకలు పట్టినవారు వేదిక వెనక్కి వెళ్లాక, అక్కడే బయటికి పోయే తలుపు కూడా ఉంది. డబ్బుతో పారిపోతే అడిగేవారు లేరు. కానీ నిక్కీ పారిపోలేదు. జీవితంలో మొదటిసారి ఒకరు తనను నమ్మారు. ఆ డబ్బునంతా తెచ్చి పాస్టరు చేతిలో పెట్టాడు. ఆ రాత్రే క్రీస్తును తన రక్షకునిగా అంగీకరించాడు. అప్పటికతనికి 19 ఏళ్లు. తర్వాతి కాలంలో అతడే దేశదేశాల్లో సువార్తికుడయ్యాడు. ఈ వృత్తాంతాన్ని విల్కర్సన్ 1963లో వెలువడిన తన పుస్తకంలో చెప్పాడు.

సుంకరి జక్కయ్యను గురించి ఊరంతా గొణుగుతున్న వేళ, నేడు నీ ఇంట నేనుండాలి అని ప్రభువు కోరినప్పుడు జరిగింది కూడా ఇదే (లూకా 19:5-8). జక్కయ్య మారతాడా లేదా అని పరీక్షించి ప్రభువు అతని ఇంటికి వెళ్లలేదు. ప్రభువు తన ఇంటికొచ్చాడు గనుక జక్కయ్య మారాడు. నమ్మకం అనేది మారిన తర్వాత ఇచ్చే బహుమానం అనుకుంటాం మనం. మార్పు కోసం ముందుగా పెట్టే పెట్టుబడి అది అని ప్రభువు చూపించాడు.

మన ఊరి పిల్లలు

ఇదంతా అమెరికాలో, ఏనాటిదో, మన దగ్గర కుదురుతుందా అని పాఠకులు అడగవచ్చు. దేశాలు వేరైనా టీనేజి పిల్లల ఒంటరితనం ఒకటే. తెల్లవారుజామున లేపి స్టడీ అవర్లకు కూర్చోబెట్టే హాస్టళ్లలో, ర్యాంకుల పట్టికల మధ్య మన ఇంటర్మీడియట్ పిల్లలున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం ఒక్క 2022లోనే దేశవ్యాప్తంగా 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ఎందరికి ఏ కారణమున్నా, ఆ చివరి గంటలో ఫోన్ చేసి 'అన్నా, నీతో మాట్లాడాలి' అని చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటే వారిలో కొందరైనా ఈరోజు మన మధ్య ఉండేవారేమో! ఆ 'అన్న', ఆ 'అక్క' మన సంఘాల్లోంచి రావాలి. మార్కులు తక్కువొచ్చిన రోజు ఇంటికెళ్లడానికి భయపడే పిల్లవాడికి వేదాంతం అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర కూర్చుని అరగంట వినేవాడు కావాలి. నీ విలువ మార్కుల మెమోలో లేదని చెప్పగలిగేవాడు కావాలి.

అయితే ఇక్కడ మనం చాలా జాగ్రత్తగా నడవాల్సిన దారి ఒకటుంది. ఈ పిల్లల్లో ఎక్కువమంది ఇతర విశ్వాసాల కుటుంబాల నుంచి వచ్చినవారు, పైగా మైనర్లు. తల్లిదండ్రులను సన్మానించాలన్నది దేవుని ఆజ్ఞ (నిర్గమకాండము 20:12). ఆ ఆజ్ఞను పిల్లలకు నేర్పవలసినవారే తల్లిదండ్రులకు తెలియకుండా వారి బిడ్డల్ని కూడికలకు తీసుకెళ్తే అది ఏ విధమైన సాక్ష్యం? ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలో గాని, ప్రభుత్వ నిధులందుకునే సంస్థలో గాని మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు హాజరు కావాలని నిర్బంధించకూడదని మన రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా క్రైస్తవ మనస్సాక్షి చెప్పవలసిన మాటే ఇది. ముందు ఆ ఇంటికి వెళ్లాలి, అమ్మానాన్నలకు మనమెవరమో, ఏ సంఘమో, ఏం చేస్తామో దాపరికం లేకుండా చెప్పాలి. వారు వద్దంటే ఆ మాటను గౌరవించాలి. పిల్లల భద్రత విషయంలోనూ అంతే. ఒక్క పెద్దమనిషి ఒక్క పిల్లవాడితో మూసిన గదిలో ఉండకూడదు. క్యాంపుల్లో ఆడపిల్లల బాధ్యత స్త్రీలకే అప్పగించాలి. ఫిర్యాదు వస్తే సంఘం పరువు కోసం దాచకూడదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ రక్షణ కల్పిస్తోంది. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయడమే మేలన్న ప్రభువు హెచ్చరిక అంతకన్నా కఠినమైనది (మత్తయి 18:6).

వస్తే మనం సిద్ధమేనా?

ఇక రెండో సంగతి. ఆ పిల్లవాడు తన ఇష్టంతో, ఇంట్లోవారికి చెప్పి, ఒక ఆదివారం మన చర్చికి వచ్చాడనుకుందాం. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియదు. మగవారు ఏ వైపు కూర్చోవాలో తెలియదు. అందరూ లేస్తే లేస్తాడు, కూర్చుంటే కూర్చుంటాడు. రక్షణ, మారుమనస్సు, నీతిమంతుడుగా తీర్చబడడం, గొర్రెపిల్ల రక్తం అనే మాటలు చెవిన పడుతుంటే ఏమీ అర్థంకాక బిక్కుబిక్కుమంటాడు. మనకు ఊపిరంత సహజమైన ఈ మాటలు అతనికి పరాయి భాష. ప్రసంగంలో ఆ మాట వచ్చినప్పుడు దాని అర్థాన్ని ఒక్క వాక్యంలో చెబితే పాస్టరుగారికి పోయేదేముంది? అతని చినిగిన జీన్స్ మీద, రంగేసిన జుట్టు మీద పెద్దల చూపులు పడకపోతే ఎంత బాగుంటుంది? బంగారు ఉంగరం పెట్టుకున్న వాణ్ని మంచిచోట కూర్చోబెట్టి, మాసినబట్టల వాణ్ని నిలబెట్టవద్దని యాకోబు రాసింది సంఘానికే కదా (యాకోబు 2:1-4).

తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకు ఇల్లు విడిచిపోలేదు, తండ్రి మాట జవదాటలేదు. కానీ తమ్ముడు తిరిగొచ్చిన రోజున వాకిట్లోనే నిలబడిపోయాడు, విందుకు లోపలికి రాలేదు (లూకా 15:25-30). తరతరాల విశ్వాస కుటుంబాలలో పుట్టిన మన పిల్లలు, మనమూ ఆ పెద్దకొడుకు స్థానంలో నిలబడే ప్రమాదం ఎప్పుడూ ఉంది. కొత్త పిల్లవాడు వచ్చినప్పుడు మన యూత్ సభ్యులు తమ గుంపులోనే తాము నవ్వుకుంటూ ఉంటే, అతడు మరో ఆదివారం రాడు. ఇద్దరు లేచి వెళ్లి పక్కన కూర్చుంటే, పాటల పుస్తకంలో పేజీ తీసి ఇస్తే, ఆరాధన తర్వాత పేరు అడిగి గుర్తుపెట్టుకుంటే అదే ఆ రోజుకు వారు చేసిన గొప్ప సువార్త సేవ.

అతడు కాదంటే?

చివరిగా ఒక ప్రశ్న. ఈ పరిచర్యలో ఉన్న ప్రతివారినీ ఇది పరీక్షిస్తుంది. రెండేళ్లు ఒక పిల్లవాడితో స్నేహం చేశాం. క్రికెట్ ఆడాం, ఆసుపత్రిలో ఉంటే పలకరించాం, పరీక్ష ఫీజు కట్టడానికి సాయపడ్డాం. ప్రభువును గురించి చెప్పాం. అతడు అంతా విని, 'అన్నా, నాకు ఇష్టం లేదు' అన్నాడు. ఇప్పుడేం చేస్తాం? మర్నాటి నుంచి ఫోన్ చేయడం మానేస్తే ఆ రెండేళ్ల స్నేహం గాలానికి గుచ్చిన ఎర మాత్రమేనని అతనికి అర్థమైపోతుంది. ఇక జీవితంలో ఏ క్రైస్తవుణ్నీ నమ్మడు. నమ్మవలసిన అవసరమూ అతనికి లేదు.

ధనవంతుడైన ఒక యువకుడు యేసుప్రభువు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నిత్యజీవం గురించి అడిగాడు. ప్రభువు అతణ్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఆ తర్వాతే చెప్పవలసిన కఠినమైన మాటను చెప్పాడు. ఆ యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని, దుఃఖపడుతూ వెళ్లిపోయాడు (మార్కు 10:17-22). ప్రభువు తన మాటను తేలిక చేసి అతణ్ని వెనక్కి పిలవలేదు, బలవంతంగా ఆపలేదు, శపించలేదు. ఆ ప్రేమను వెనక్కి తీసుకున్నాడని కూడా ఎక్కడా రాయబడలేదు. అతడు ఒప్పుకుంటాడని ప్రభువు ప్రేమించలేదు గనుక, ఒప్పుకోలేదని ఆ ప్రేమ ఆగిపోవలసిన పనిలేదు.

చర్చి గడప తొక్కని పిల్లల దగ్గరికి వెళ్లవలసింది ఈ ప్రేమతోనే. ఈ వారం మీ వీధిలో, మీ అపార్టుమెంటులో, మీ పిల్లల తరగతిలో అలాంటి ఒక్క పిల్లవాడి పేరు తెలుసుకోండి. ఆ పేరును మీ కుటుంబ ప్రార్థనలో చేర్చండి. అతని ఇంటివారిని పలకరించండి. అతడు ఏదైనా చెబుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినండి. దేవుడు ఆ స్నేహాన్ని ఎటు నడిపిస్తాడో ఆయన చిత్తం. అతడు విశ్వసించినా, విశ్వసించకపోయినా, కష్టం వచ్చిన రాత్రి అతడు తట్టగలిగే తలుపు మాత్రం మీదై ఉండాలి.